సిలువ మరియమ్మగారు నాకు నేర్పిన పాఠము

వార్షిక సంచికకు ఏదైనను వ్రాయుడని సంపాదకులు కోరినప్పుడు, లెక్కల మేష్టరునగు నాకు వ్యాసరచనతో పని యేమని మొదట సంకోచించితిని. కాని చాలకాలముగా నా మనస్సున నొక బరువుండెను. దానిని దించుకొనుటకు త్రోవ చూపినది ఆస్ట్రేలియా దేశపు కన్యాస్త్రీ యొకామె. ఆమె చరిత్రముతో నా కథను గూడ కలిపి చెప్పుచున్నందుకు విద్యార్థులును, వారి తలిదండ్రులును, మఠమునందలి సోదరీమణులును నన్ను మన్నింతురు గాక.

మేరీ మెకిల్లప్ గారు 1842వ సంవత్సరము జనవరి 15వ తేదీన మెల్బోర్న్ నగరమందలి ఫిట్జ్‌రాయ్ అను చోట జన్మించిరి. తలిదండ్రులు స్కాట్లండునుండి వలస వచ్చినవారు. ఎనమండుగురు బిడ్డలలో ఆమెయే పెద్దది. తండ్రి చదువుకొన్నవాడే గాని, చేపట్టిన పనులు కలిసిరాక యిల్లు గడచుటయే కష్టమాయెను. అందుచే మేరీ గారు చిన్న వయసుననే కాగితముల దుకాణమున గుమాస్తాగా పనిచేసి కుటుంబభారమును మోసిరి. 1860లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలా యను ఊరికి బోయి, బంధువుల యింట పిల్లలకు చదువు చెప్పుచుండిరి. అక్కడ జూలియన్ టెనిసన్ వుడ్స్ అను గురువులతో పరిచయము కలిగెను. పేదల బిడ్డలకు బడులు లేకుండుట ఆ యిరువురకును మిక్కిలి బాధ కలిగించెను.

1866లో, వాడుక లేక పడియున్న గుర్రపుసాల నొకదానిని ఆమె తమ్ముడు బాగుచేసి యియ్యగా, అందు మేరీ గారు బడి పెట్టిరి. జీతము కట్టలేని పిల్లలకును అందు చోటుండెను. పునీత జోజప్పగారి సోదరీమణుల సభ ఆ గుర్రపుసాలలోనే మొలకెత్తినది. మరుసటి సంవత్సరము అడలైడ్ నగరమున ఆమె వ్రతములు గైకొని, సిలువ మరియ యను పేరు దాల్చిరి. సోదరీమణులు పెద్ద మఠములు కట్టుకొనక, మారుమూల పల్లెలలో ఇద్దరు ముగ్గురుగా చిన్న యిండ్లలో నివసించి, బీదలతో బీదలై బోధించిరి. అయిదేండ్లు తిరుగకమునుపే వారి సంఖ్య సుమారు 130 ఆయెను.

అంతట పరీక్ష వచ్చెను. సభను నడపవలసినది సోదరీమణులు తమలోనుండి యెన్నుకొనిన పెద్దతల్లి యని వారి నియమావళి. అడలైడ్ మేత్రాణులైన లారెన్స్ షీల్ గారు దానిని మార్పదలచిరి. ఆమె సమ్మతింపలేదు. 1871 సెప్టెంబరు 22వ తేదీన అవిధేయురాలన్న నేరము మోపి, ఆమెను తిరుసభనుండి వెలివేసిరి. అప్పుడామెకు ఇరువది తొమ్మిదేండ్లు. బడులు అనేకము మూతపడెను. సోదరీమణులు పలువురు నిలువనీడ లేనివారైరి. అట్టి వేళ ఇమ్మాన్యుయెల్ సాలొమన్ అను యూదు వర్తకుడు అద్దె లేకుండ వారికొక యిల్లిచ్చెను. ఇంత జరిగినను మేత్రాణులను బహిరంగముగ నిందించుట కామె యొప్పుకొనలేదు. అట్లని తాను సత్యమని నమ్మినదానిని విడువనూ లేదు.

అయిదు నెలలు గడచెను. 1872 ఫిబ్రవరిలో మేత్రాణులు మరణశయ్యపై నుండి, ఆ వెలిని తొలగింపుడని యాజ్ఞ యిచ్చిరి. మార్చి 1వ తేదీన వారు పరమపదించిరి. పిమ్మట జరిగిన విచారణలో ఆమె నిర్దోషురాలని తేలినది.

ఈ చరిత్రమును నేను మొదటిసారి చదివినది రెండేండ్ల క్రిందట, తపస్సుకాలమున. చదువరులందరును ఇట్టి కథలో ఆ తల్లి పక్షమున నిలుతురు. నేను మాత్రము ఆ మేత్రాణులయందు నన్ను నేను చూచుకొంటిని. కారణము చెప్పెదను.

చాల యేండ్ల క్రిందట, వేరొక పాఠశాలలో పనిచేయుచుండగా, ఎనిమిదవ తరగతిలో ఒక విద్యార్థి కంపాసు పెట్టె పోయెను. కాలువ యవతలి పల్లెనుండి నడచి వచ్చు బీద బాలుని నేను అనుమానించితిని. ఋజువేమియు లేదు, వానికి పెట్టె లేకుండుటయే నాకు ఋజువై తోచినది. అందరి యెదుట దొంగ యని పిలిచి, వసారాలో మూడు దినములు నిలువబెట్టితిని. వాడు తల వంచుకొని యొక్క మాటయు పలుకలేదు. నాలుగవ దినమునుండి బడికి రాలేదు. తరువాతి వారమున పరీక్షకాగితములకై నా బీరువా తెరువగా, పెట్టె అందే యుండెను. బల్లపై మరచిపోబడిన దానిని భద్రముగ నుంచుటకై నేనే పెట్టి మరచితిని. దానిని దాని సొంతదారునకు చాటుగా ఇచ్చివేసితినే గాని, తరగతిలో నిజము చెప్పలేదు. మేష్టరు గౌరవము చెడునని భయపడితిని.

మేత్రాణులు మరణశయ్యపైనైనను తప్పు దిద్దుకొనిరి గదా, నేనంతవరకు ఆగవలయునా యని తపస్సుకాలమెల్ల మథనపడితిని. తుదకు ఈస్టరు సెలవులలో ఆ పల్లెకు బోయితిని. ఆ బాలుడిప్పుడు నడివయస్సువాడు. సైకిళ్లు మరమ్మతు చేయు దుకాణము పెట్టుకొనియున్నాడు. నన్ను గుర్తించి లేచి నిలిచెను. నేను చేసినదెల్ల చెప్పి, క్షమింపుమని చేతులు జోడించితిని.

“ఆ పెట్టె మీరు బీరువాలో పెట్టడం నేను చూశానండి, మేష్టరు గారూ,” అనెను.

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు నాయనా?” అంటిని.

“చెబితే మీరు నమ్మేవారా అండీ?”

నాయొద్ద సమాధానము లేదు. అతడు లోపలనుండి మజ్జిగ తెప్పించి యిచ్చెను, త్రాగితిని. క్షమించితినని అతడు నోట పలుకలేదు, నేను బలవంతపెట్టలేదు. పోయిన చదువును నేను తిరిగి యియ్యలేను గదా! కాని వచ్చునప్పుడు కాలువ వంతెనదాక నాతో నడచి వచ్చెను.

సిలువ మరియమ్మగారు 1873లో రోము నగరమునకేగి తొమ్మిదవ భక్తినాథ పోపు గారిని దర్శించిరి. 1888లో సభకు తుది యామోదము లభించినది. 1902లో పక్షవాతము సోకి కుడిచేయి పడిపోగా, ఎడమచేత వ్రాయుట నేర్చుకొని పని సాగించిరి. 1909 ఆగస్టు 8వ తేదీన సిడ్నీ నగరమున కన్నుమూసిరి. 2010 అక్టోబరు 17వ తేదీన పోపు గారు ఆమెను పునీతగా ప్రకటించిరి. ఆస్ట్రేలియా దేశపు తొలి పునీత ఆమెయే.

ప్రియ విద్యార్థులారా! నింద మీద బడినప్పుడు, ద్వేషము పెంచుకొనకయే నిజమునందు నిలువవచ్చునని ఆ తల్లి చూపినది. అయితే మౌనముగా సహింపుడని మాత్రము నేను మీకు చెప్పను. మీ మాట వినువారొకరు తప్పక యుందురు, చెప్పుడు. నా తోడి ఉపాధ్యాయులకు విన్నపమొకటే: బిడ్డ నోరు విప్పినచో నమ్మెదరన్న ధైర్యము మన తరగతిగదిలో నుండవలయును. నా బీరువా తలుపు తెరచినప్పుడెల్ల నాకీ మాటయే జ్ఞప్తికి వచ్చుచున్నది.