మూడు రోజులకు మా సిక్కోలు రండి

2026లో గాంధీ జయంతి శుక్రవారం పడింది, కేలండరు చూసుకున్నారా? అక్టోబరు 2 శుక్రవారం, తర్వాత శని, ఆదివారాలు. వరసగా మూడు రోజుల సెలవు. విశాఖలో సగం మంది అరకు దారి పడతారు, ఆ ఘాట్‌రోడ్డు మీద బండి వెనక బండి. మీరు మాత్రం ఈసారి ఉత్తరానికి తిరగండి. జాతీయ రహదారి 16 మీద రెండు, రెండున్నర గంటల ప్రయాణం. శ్రీకాకుళం, అదే మా సిక్కోలు, ఇంకా రాకముందే మా ఎచ్చెర్ల తగులుతుంది. అంబేడ్కర్ యూనివర్సిటీ బోర్డు కనబడిందంటే వచ్చేశారన్నమాటే.

మా వైపు పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ లేబర్ డే. ఆ మూడు రోజుల సెలవుకు బోస్టనో, ఫిలడెల్ఫియానో వెళ్తుంటారు. ఎంత శ్రద్ధగా ప్లాను వేసుకుంటారో! హోటలు నెలల ముందే బుక్ అవుతుంది. ఏ పూట ఎక్కడ నడవాలి, ఏ మ్యూజియానికి ఏ వేళ టికెట్టు, అంతా కాగితం మీద ఉంటుంది. బోస్టన్‌లో ఫ్రీడమ్ ట్రెయిల్ అని ఒక దారి ఉంది. 1951లో బిల్ స్కోఫీల్డ్ అనే పాత్రికేయుడికి వచ్చిన ఆలోచన అది. నేల మీద ఎర్రటి గీత ఉంటుంది, కొన్నిచోట్ల రంగు, కొన్నిచోట్ల ఇటుక. దాని వెంట రెండున్నర మైళ్ళు నడిస్తే పదహారు చారిత్రక స్థలాలు చూడవచ్చు. చూసేవాడు తడుముకోనక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి కథ దానంతట అదే నడుస్తుంది. మంచి ఆలోచన. ఆ ఊరు పుట్టింది 1630లో.

ఆ పిల్లలే సెలవుకు ఇంటికొస్తే ఏం చేస్తారు? అరసవల్లిలో ఒక గంట, శ్రీకూర్మంలో అరగంట, భోంచేసి సాయంత్రానికల్లా విశాఖ. "మన దగ్గర చూడ్డానికి ఏటుంది, పిన్నీ?" అంటారు. ఆ మాట వింటే నాకు గుండెల్లో కలుక్కుమంటుంది. వెనకబడిన జిల్లా, వలసల జిల్లా అని పేపర్లలో చదివీ చదివీ మనమే మన ఊళ్ళను తక్కువ చేసేసుకున్నాం. రెండు వేల ఏళ్ళ చరిత్ర యాభై కిలోమీటర్ల లోపల ఉంది. నేల మీద ఎర్రగీత లేకపోవచ్చు, వంశధార ఉంది. సముద్రంలో కలిసే చోటు నుంచి ఆ నదికి ఎదురు వెళ్ళండి. మొదటి రోజు పట్నానికీ చుట్టుపక్కలకూ పోగా, మిగతా రెండు రోజులకూ నేను చెప్పే ప్లాను అదొక్కటే.

మకాం శ్రీకాకుళం పట్నంలోనే పెట్టుకోండి. లాడ్జీలు, భోజన హోటళ్ళు, అద్దె కార్లు అక్కడ దొరుకుతాయి. మూడు రాత్రులూ ఒకేచోట పడుకోండి. రోజూ సామాను సర్దుకోవడంలోనే సగం సెలవు పోతుంది. గురువారం రాత్రికే చేరిపోవాలి, ఎందుకంటే శుక్రవారం తెల్లవారకముందే మీకు అరసవల్లిలో పని ఉంది.

అక్కడి సూర్యదేవుడి గుడిలో ఏడాదికి రెండుసార్లు, మార్చి 9 నుంచి 11 దాకా, అక్టోబరు 1 నుంచి 3 దాకా, ఉదయం ఆరు గంటల ప్రాంతంలో సూర్యకిరణాలు గోపురం దాటి లోపలికొచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కదిలివస్తాయి. మబ్బు పట్టిందా, ఆ రోజుకింతే. గాంధీ జయంతి సెలవు సరిగ్గా ఆ రోజుల్లోనే పడటం మన అదృష్టం. జనం గట్టిగా ఉంటారు కాబట్టి చంటిపిల్లలున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆ తోపులాటలో దిగకండి. ఇంకోసారి మామూలు రోజున, ఆదివారం కాకుండా చూసుకుని వస్తే దర్శనం తీరిగ్గా అవుతుంది. ఆదివారం సూర్యుడి వారం, ఎప్పుడూ రద్దీయే.

టిఫిన్ అయ్యాక పట్నం తిరగండి. నాగావళి ఒడ్డున ఉమారుద్ర కోటేశ్వరుడి గుడి, బజారులో జామియా మసీదు. ఆ మసీదు కట్టించినవాడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్, 1641లో. ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని పిలిచిన ఊరు ఇదే. ఉత్తర సర్కారుల్లో ఒకటి ఈ ఊరి పేరు మీదే ఉండేది. ఇక్కడి సన్నని మస్లిన్ బట్టకు ఆ రోజుల్లో చాలా పేరు.

ఆ నేతపని పూర్తిగా పోలేదు, పొందూరులో ఉంది. గాంధీ పుట్టినరోజున ఖద్దరు ఊరు చూడకుండా ఎలా? ఎచ్చెర్ల పక్క మండలమే. మగ్గం దగ్గరికి వెళ్ళేముందు పత్తి దగ్గర ఆగండి. పత్తిని గింజతోనే చేత్తో పట్టుకుని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు ఉన్న సన్నని పళ్ళ వరస పీచును తిన్నగా చేసి చెత్తంతా లాగేస్తుంది. ఇనప దువ్వెనకు ఆ సుతారం రాదు. ఆ తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, అప్పుడు రాట్నం ఎక్కుతుంది. వందో నంబరు నూలు చేత్తో వడుకుతున్న ఆడవాళ్ళ పక్కన ఒక గంట కూర్చుంటే, అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ పంచెలంటే ఎందుకంత ఇష్టపడేవారో తెలుస్తుంది. వడికే చేతులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ధర ఎక్కువని బేరమాడకండి, ఆ పంచె వెనక ఎన్ని చేతులున్నాయో మీరే చూసి ఉంటారు.

శనివారం పొద్దున్నే గార వైపు బయలుదేరండి. ముందు శ్రీకూర్మం. స్వామి కూర్మరూపంలో పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పునొకటి, పడమరనొకటి రెండు ధ్వజస్తంభాలు. స్తంభాల మీద శాసనాలు ఉన్నాయి, వాటి దగ్గర నిలబడండి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు కళింగ రాజుల కొలువులో అధికారం నెరపినవారు. ఇక్కడ ఆయన శాసనం 1281 నాటిది. గోడల మీద పాత రంగుల బొమ్మలు ఉన్నాయి, పిల్లలను చెయ్యి వెయ్యనివ్వకండి. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేలోగా ఇక్కడ పని పూర్తి కావాలి.

అక్కడి నుంచి శాలిహుండం. ఈ ఊరి దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మీరూ ఆగండి.

వంశధార దక్షిణపు ఒడ్డున ఒక కొండ. మెట్లెక్కుతుంటే ఇటుక స్తూపాలు, గుండ్రటి చైత్యాల పునాదులు, విహారాలు ఒకదాని మీద ఒకటిగా పైకి వెళ్తాయి, కొండ నెత్తిన మహాస్తూపం. క్రీస్తు పూర్వం నుంచి వెయ్యేళ్ళకు పైగా బౌద్ధులు ఇక్కడ ఉన్నారు. హీనయానం, మహాయానం, వజ్రయానం, మూడింటి జాడలూ ఈ ఒక్క కొండ మీదే దొరికాయి. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు చూడండి. పైనుంచి నది మలుపు, దూరంగా సముద్రపు గీత కనిపిస్తే సన్యాసులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఒకరు చెప్పక్కర్లేదు. ఓడల్లో వచ్చే వర్తకులే ఆరామాలకు దాతలు. ఆంధ్ర తీరమంతటా బౌద్ధ క్షేత్రాలు రేవుల చెంతనే వెలిశాయి. తొట్లకొండ, బావికొండ చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే.

మరి ఈ కొండను లోకానికి చూపించిందెవరో తెలుసా? మన గిడుగు రామమూర్తి పంతులుగారు, 1919లో. వాడుక భాష కోసం పోరాడిన గిడుగే, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగే. 1863లో ఈ జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టారు. గుళ్ళ మీది పాత లిపులు తనకు తానే నేర్చుకుని చదివారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, దండలు వేస్తాం. ఆ దండలు వేసే చేతుల్లో శాలిహుండం మెట్లెక్కినవాళ్ళెందరు? మన బళ్ళ పిల్లలను ఏడాదికొకసారైనా ఇక్కడికి తేవాలి. ఇది నేను కనబడిన మాస్టారికల్లా చెబుతూనే ఉంటాను.

సాయంత్రం కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు లైట్‌హౌసూ ఇసుకా మిగిలాయి. నది మొగ దగ్గర నీటి లాగుడు ఎక్కువ, స్నానాలకు దిగకండి. ఒడ్డున కూర్చుని రేవునూ ఇందాక చూసిన కొండనూ కలిపి ఊహించుకోండి, చాలు.

ఆదివారం నదికి ఎదురు ప్రయాణం. ఆమదాలవలస మీదుగా సరుబుజ్జిలి దాకా వెళ్తే దంతవక్త్రుని కోట అని మట్టికోట దిబ్బలు ఉన్నాయి. బుద్ధుడి దంతం ఉండేదని బౌద్ధ గ్రంథాలు చెప్పే దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారుల మాట. ఆ దంతమే తర్వాత సింహళం చేరిందని కథ. గడ్డి మొలిచిన గట్లు తప్ప కంటికి ఆనేదేమీ లేదు, పావుగంట చాలు.

శ్రీముఖలింగానికి మాత్రం పూటంతా ఇవ్వండి. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్ళు. ఇప్పచెట్టు మొదలు నుంచి వెలసిన శివుడని స్థలపురాణం. శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా ఉండవు, నిలువుగా లేచి పైన ఉసిరికాయ ఆకారపు రాతిచక్రంతో ముగుస్తాయి. ఇది కళింగ పద్ధతి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ పల్లెటూరేనని గిడుగు వంటివారు శాసనాలు చదివి తేల్చారు. అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టానికి వచ్చాడు. ఆయన కాలంలోనే రాజధాని ఇక్కడి నుంచి కటకానికి వెళ్ళిపోయింది. ఇవాళ మనం చూసే పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టింది ఆయనే. ఆ వంశంవాడే నరసింహదేవుడు పదమూడో శతాబ్దంలో కోణార్క కట్టించాడు. పూరీకి, కోణార్కకు రైళ్ళెక్కి వెళ్ళే మనం, ఆ రాజులు బయలుదేరిన గుమ్మం జలుమూరు మండలంలో ఉందని మరచిపోయాం. సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలను పొద్దుటి ఎండలో చూడండి, నడినెత్తి ఎండకు ముఖాల్లోని చెక్కడం కనిపించదు. పెద్ద హోటళ్ళేమీ లేవక్కడ, పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. అక్టోబరు మాకు తుపానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే పట్టుదలకు పోకండి, ప్రయాణం వాయిదా వేసుకోండి. ఈ ప్లాను జనవరిలోనూ పనికొస్తుంది, చలిగాలికి హాయిగా కూడా ఉంటుంది. అప్పుడైతే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకున్న పెలికాన్ పక్షులను కూడా కలుపుకోవచ్చు.

రైల్లో వచ్చేవాళ్ళు స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్ అని గుర్తుపెట్టుకోండి. అది ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరాన. బస్సులు, ఆటోలు ఉంటాయి. ఆదివారం సాయంత్రం ముఖలింగం నుంచి తిరిగొచ్చేటప్పుడు నేరుగా స్టేషనుకే వెళ్ళిపోవచ్చు కాబట్టి, ఆ పొద్దున్నే గది ఖాళీ చేసి సామాను బండిలో వేసుకోండి. టికెట్లు మాత్రం బేగి తీసుకోండి, దసరా రద్దీ కూడా దగ్గర్లోనే ఉంది.