‘నేనే’ అంటే ఏమిటి?

హిందీ నేర్చుకునే తెలుగువాడికి మొదటి గండం లింగభేదమని అందరూ చెబుతారు. పుస్తకం ఆడది, పెరుగు మగవాడు, రైలుబండి మళ్లీ ఆడది. ఎందుకయ్యా అంటే, ‘అది అంతే, బట్టీ పట్టు’ అంటారు. ఈ గండం మీద మనవాళ్లు వేసుకోని ఛలోక్తి లేదు. కాని దీని చాటున ఇంకొక గండం వున్నది. దాని గురించి ఎవరూ చెప్పుకోరు. ఎందుకంటే అందులో పడ్డవాడికి తాను పడ్డట్టే తెలియదు. మాట తప్పని ఎదుటివాడు నవ్వడు. అర్థం మాత్రం చల్లగా పక్కదారి పడుతుంది.

హిందీ వ్యాకరణంలో దాని పేరు నిజవాచక సర్వనామం. పేరు చూసి కంగారు పడనక్కర లేదు. ‘నిజం’ అంటే మనకిప్పుడు సత్యమనే అర్థమే మిగిలింది గాని, సంస్కృతంలో ‘నిజ’ అంటే తనది, సొంతమైనది. పాత కావ్యాలు చదివినవారికి ‘నిజ మందిరం’ అంటే సొంత ఇల్లని తెలుసు. హిందీవారు నేటికీ సొంత వ్యవహారాన్ని ‘నిజీ’ అనే అంటారు. కాబట్టి నిజవాచకమంటే సత్యం చెప్పే మాట కాదు, ‘తాను’ అని చెప్పే మాట. ఆప్, అప్నా, అప్నే ఆప్, స్వయం, ఖుద్ - ఇవీ ఆ కుటుంబంలోని వారు. స్వయం నేరుగా సంస్కృతం నుంచి దిగింది. ఆప్ కూడా సంస్కృతపు ‘ఆత్మన్’ శబ్దమే. ప్రాకృతంలో అరిగి ‘అప్పా’ అయి, చివరికి ఆప్ దగ్గర ఆగింది. ఖుద్ పారశీకం నుంచి వచ్చిన చుట్టం. ఆ చుట్టం మన గడప కూడా తొక్కింది. తెలంగాణలో ‘ఖుద్దు సర్పంచే వచ్చిండు’ అంటే ఎవరికీ అర్థం చెప్పవలసిన పని లేదు.

వీటితోపాటు చెప్పుకోవలసిన చిన్న మాట ‘హీ’. ఇది సర్వనామం కాదు, అవ్యయం. దేని పక్కన చేరితే దాన్ని నొక్కి చెబుతుంది. ‘మై కల్ హీ జాఊంగా’ అంటే నేను రేపే వెడతాను. ‘మై హీ కల్ జాఊంగా’ అంటే రేపు నేనే వెడతాను. కొన్ని సర్వనామాల పక్కన చేరితే పాలలో నీళ్లలా కలిసిపోతుంది: వహ్, హీ కలిసి వహీ, ఉస్, హీ కలిసి ఉసీ, తుమ్, హీ కలిసి తుమ్హీ. మన ‘ఏ’ కారం చేసే పనే ఇది. వాడు, వాడే, రేపు, రేపే. ఈ నొక్కుడు మనకు ఎంతగా అలవాటంటే, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా ‘టుడే ఓన్లీ’, ‘టుమారో ఇట్సెల్ఫ్’ అనకపోతే తృప్తి వుండదు. ఇంగ్లీషువాడు ఏమనుకున్నా సరే, నొక్కవలసిన చోట నొక్కి తీరవలసిందే!

ఇందులో గండం ఎక్కడున్నదంటారా? వినండి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఒక సాయంత్రం హిందీ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది.

“నాన్నా, ‘నేనే వెడతాను’ అన్నదాన్ని హిందీలో రాయమన్నారు. ‘మై ఖుద్ జాఊంగీ’ అనాలా, ‘మై హీ జాఊంగీ’ అనాలా?”

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. ప్రశ్న మాత్రం చక్కనిదనిపించింది. మరునాడు స్టాఫు రూములో మా హిందీ మాస్టారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

“ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గదండీ! మన ‘నేనే’లో మాత్రం హాయిగా ఇమిడిపోయాయి. ఏ సందర్భంలో అన్నారో తెలియందే అనువాదం కుదరదు. మీ ఇంట్లో పెళ్లి అనుకోండి. ‘భోజనాల సంగతి నేనే చూసుకుంటాను’ అని మీ బావమరిదిగారు అన్నారు. ఏమిటి దాని అర్థం? వేరొకరికి అప్పగించకుండా తానే స్వయంగా దగ్గరుండి చూసుకుంటాననా? అయితే ‘మై ఖుద్’. ఈ పనికి నేను తప్ప మరెవరూ లేరనా? అయితే ‘మై హీ’. మొదటిదానికి మీరు సంతోషించాలి. రెండోదానికి ఆయన పక్కన మరో మనిషిని నిలబెట్టాలి.”

“హిందీవారు ఈ రెండూ కలపరా?” అన్నాను.

“కలపకేం? ‘మై ఖుద్ హీ’ అనడమూ వున్నది. కాని విడివిడిగా చెప్పాలనుకుంటే వారికి రెండు మాటలున్నాయి. మనకు ఒక్క దీర్ఘమే వున్నది.”

మనకు మాటలు లేవని కాదు. ‘స్వయంగా’ వున్నది, ‘నా అంతట నేను’ వున్నది, ‘నేనొక్కణ్ణే’ వున్నది. అయితే వంటింట్లో నిలబడి ‘ఈ చారు నేను స్వయంగా పెట్టాను’ అని ఏ ఇల్లాలూ అనదు. అంటే నాటకంలో మాటలా వుంటుంది. ‘నేనే పెట్టాను’ అంటుంది. తక్కినదంతా గొంతు చెబుతుంది, ముఖం చెబుతుంది. వినేవాడు వాటిని పట్టుకోగలిగితే సరి.

అప్నా సంగతి మరీ తమాషా. తెలుగు పిల్లలు ‘మై మేరా కామ్ కరతా హూం’ అని రాస్తారు, హిందీ మాస్టార్లు ఎర్ర సిరా ఖర్చు చేస్తారు. ‘నేను నా పని చేస్తాను’ అనేదానికి అది మక్కికి మక్కి. కాని హిందీ లెక్క వేరు. పని చేసేవాడూ, ఆ పని గలవాడూ ఒకడే అయితే నేను, నువ్వు, వాడు అనే భేదం లేకుండా అందరికీ అప్నాయే. మై అప్నా కామ్, తుమ్ అప్నా కామ్, వహ్ అప్నా కామ్. మన ‘తన’ అంత దూరం రాదు. రాముడు తన పని చేస్తాడు గాని, నేను తన పని చేస్తానంటే అది పరాయివాడి పని అయి కూర్చుంటుంది.

మరి మనం ఆ సొంతాన్ని ఎక్కడ దాచుకున్నాం? క్రియలో. ‘నేను నా పని చేసుకుంటాను’ అంటాం. ఆ ‘కొను’ చేరితే చాలు, ఫలం చేసినవాడికే దక్కుతుంది. దీన్నే ఆత్మార్థకం అంటారు. వండాడు అంటే ఎవరికో, వండుకున్నాడు అంటే తనకు. ‘దర్వాజా అప్నే ఆప్ ఖుల్ గయా’ అని వారంటే, ‘తలుపు దానంతటదే తెరుచుకుంది’ అని మనం ప్రాణం లేని తలుపుకు కూడా ఆ ‘కొను’ తగిలిస్తాం. ‘సబ్ అప్నే అప్నే ఘర్ గయే’ అన్నదానికి ‘ఎవరి ఇళ్లకు వారు వెళ్లారు’ అనేది మన పద్ధతి. ఎవరి దారి వారిది. చేరే చోటు ఒకటే.

చేరే చోటు ఒకటేనని తెలియడానికి ఆప్‌ను మించిన సాక్ష్యం లేదు. ‘తాను’ అనే అర్థం గల ఆ మాటనే హిందీవారు ఎదుటి పెద్దమనిషికి గౌరవంగా వాడుతారు. ‘ఆప్ బైఠియే’ అంటే ‘మీరు కూర్చోండి’. ఆప్‌కు వాడే క్రియ కూడా సాధారణంగా ‘వారు’కు వాడే క్రియే: ‘వే జాతే హైం’, ‘ఆప్ జాతే హైం’. ఇది హిందీవారి వింత అనుకుంటే పొరపాటు. మన ‘తమరు’ ఎక్కడిది? తాను, తాము, తమరు! కన్నడిగుల ‘తావు’, తమిళుల ‘తాంగళ్’ కూడా ఇదే బాటలో నడిచాయి. రెండు వేరు భాషా కుటుంబాలు మర్యాద కోసం ఒకే గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాయి. నా వూహ ఏమిటంటే, ‘నువ్వు’ అనడంలో వేలు పెట్టి చూపినట్టు వుంటుంది. ‘తాను’ అనడంలో ఎదుటివాడికి కూడా మనకు లాగే ఒక లోపలి మనిషి వున్నాడని ఒప్పుకున్నట్టు వుంటుంది. మర్యాద అంటే అంతే గదా!

మరాఠీవారు ఇంకా ఒక అడుగు ముందుకు వేశారు. వారి ‘ఆపణ్’ తానూ అవుతుంది, తమరూ అవుతుంది, మనమూ అవుతుంది. హైదరాబాదు దక్కనీలో ‘అపన్’ అంటే మనమే. అక్కడ ‘హీ’ బదులు ‘ఇచ్’ వినిపిస్తుంది: మైఇచ్, ఐసాఇచ్. అది మరాఠీ ‘మీచ్’లోని చకారానికి చుట్టమే. ఒక్క ఆత్మ శబ్దం అరిగిపోతూ కూడా తనకూ, ఎదుటివారికీ, అందరికీ కలిపి ఇంత చోటు ఇచ్చింది.

ఇదంతా పరీక్ష పేపరులో రెండు మార్కుల సంగతి అని ఎవరైనా అనవచ్చు. మా ఇంట్లో అప్పటికి కొన్ని నెలలుగా నలుగుతున్న తగవు లేకపోతే నేనూ దీన్ని ఇంత దూరం లాగేవాణ్ణి కాదు.

మా అమ్మకు డెబ్బై అయిదు దాటాయి. నాన్నగారు పోయిన తరువాత కూడా తెనాలిలో ఆ పాత ఇంట్లోనే వుంటున్నది. అన్నయ్య హైదరాబాదులో, చెల్లెలు విశాఖలో, నేను బెజవాడలో. ఎవరు ఫోను చేసి ‘వంట ఎవరు చేస్తున్నారమ్మా?’ అని అడిగినా ఆవిడది ఒకటే జవాబు: ‘నేనే చేసుకుంటున్నాను.’

ఆ మాట అన్నయ్య చెవిలో ఒక రకంగా పడింది. ముగ్గురు పిల్లలుండి కూడా నాకెవరూ లేరు అని పడింది. పాపం, నిద్ర పట్టలేదు వాడికి. మనిషిని వెతికి, జీతం మాట్లాడి, వంటకు కుదిర్చాడు. అమ్మ ఆవిణ్ణి పది రోజులు వుంచుకుని, చీర పెట్టి, మర్యాదగా పంపించేసింది. అన్నయ్యకు మనసు కష్టపెట్టుకోవడం ఒక్కటే మిగిలింది. ‘అమ్మ ఇష్టంగా చేసుకుంటోంది, ఆవిణ్ణి వదిలెయ్’ అని చెల్లెలు అన్నది. ‘నీకు పట్టనప్పుడు అలాగే వుంటుంది’ అని వాడన్నాడు. రెండు నెలలు వాళ్లిద్దరికీ మాటలు లేవు. ఇద్దరూ అమ్మ అన్న ఒకే మాటను పట్టుకుని కొట్లాడుకున్నారు.

అమ్మకు హిందీ వచ్చు. మద్రాసులో 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఆ రోజుల్లో మన వూళ్లలో ఎందరో ఆడపిల్లలకు చదువు కిటికీలు. కాలేజీకి పంపని తండ్రులు కూడా పక్కవీధి అరుగు మీద జరిగే సాయంత్రపు హిందీ క్లాసుకు పంపేవారు. అమ్మ ప్రాథమిక, మధ్యమ దాటి 1964లో రాష్ట్రభాష ప్యాసయింది. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున వున్నది.

ఆ వచ్చిన ఆదివారం తెనాలి వెళ్లాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నది.

“అమ్మా, ఒక వాక్యం హిందీలో చెప్పాలి. ‘వంట నేనే చేసుకుంటున్నాను.’ ఇందులో ‘ఖుద్’ వెయ్యాలా, ‘హీ’ వెయ్యాలా?”

“ఈ వయసులో పరీక్ష పెడతావట్రా?” అని నవ్వింది. రెండు కాయలు తరిగేదాకా మాట్లాడలేదు. ఆ తరువాత అన్నది:

“వంట ఖుద్‌రా. నా చేత్తో నేను వండుకోకపోతే తిన్నట్టుండదు. అన్నయ్య పంపిన మనిషి మంచిదే. కాని ఆవిడ పొయ్యి దగ్గర నిలబడితే నా ఇంట్లో నేనే చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది.”

కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

“సాయంత్రం కాఫీ మాత్రం హీ.”

నాన్నగారు వున్నన్నాళ్లూ నాలుగు గంటలకు వీధి అరుగు మీద ఇద్దరూ కాఫీ తాగేవారు. పెద్దగా మాట్లాడుకునేవారు కూడా కాదు. రెండు గ్లాసులు, వీధిలో పోయేవాళ్లు, అంతే. ఇప్పుడు ఒక గ్లాసు.

ఆ రాత్రే అన్నయ్యకూ చెల్లెలికీ ఫోను చేసి ఈ రెండు వాక్యాలూ చెప్పాను. ఇద్దరూ చెరి సగం సరిగానే విన్నారు. అన్నయ్య విన్న ఒంటరితనం అబద్ధం కాదు. అయితే అది వంటింట్లో లేదు, అరుగు మీద వున్నది. చెల్లెలు విన్న ఇష్టమూ అబద్ధం కాదు. అయితే అది రోజంతా వుండేది కాదు. తగవు పూర్తిగా తీరిపోయిందని చెప్పను. అన్నదమ్ముల అక్కచెల్లెళ్ల తగవులు అంత తేలికగా తీరితే ఈ పత్రికల్లో సీరియల్ నవలలు ఎలా నడుస్తాయి? కాని అన్నయ్య ఇప్పుడు నాలుగు గంటలకు ఆఫీసులో తన కప్పు చేతిలో పట్టుకుని అమ్మకు ఫోను చేస్తాడు. పెద్దగా ఏమీ మాట్లాడడు. నాన్నగారి పోలిక.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ‘ఫరవాలేదు, నేనే చేసుకుంటాను’ అంటూనే వుంటారు. అత్తగారు కావచ్చు, భార్య కావచ్చు, చదువుకునే పిల్లవాడు కావచ్చు. ఆ దీర్ఘంలో వున్నది ఖుద్దో హీయో మనంతట మనం తేల్చేసుకోకుండా, ఒకసారి దగ్గర కూర్చుని అడిగి చూడండి. అందుకు హిందీ పరీక్షలు ప్యాసు కానక్కర లేదు.