పెద్ద కారు

చిన్నాయన పోయాక ఆయన వస్తువుల్లో ఎవరూ అడగనిది ఒక్కటే మిగిలింది. పన్నెండేళ్ల జర్మన్ సెడాన్. రొయ్యకు మంచి ధర పలికిన ఒక ఏడాది చెన్నైలో సెకండ్ హ్యాండుకి కొన్నాడు. మైపాడులో దాన్ని ఎవరూ కంపెనీ పేరుతో పిలవలేదు, పెద్ద కారు అనేవాళ్లు. నెల్లూరు నుంచి బీచికి వచ్చే కార్లు ఆదివారం సాయంత్రం వచ్చి చీకటిపడితే వెళ్లిపోతాయి. ఇది మాత్రం ఏళ్ల తరబడి ఆ ఉప్పుగాలిలోనే నిలబడింది. తలుపుల కింది అంచుల్లో పెయింటు బుడగలొచ్చింది. ఏసీ ఎప్పుడో పోయింది. బాగు చేయించాలంటే చెన్నై పోవాలి.

"ఎవరికన్నా దానం చేసేద్దాం నాయనా," అంది పిన్నమ్మ. "అమ్మితే, మొగుడు పోంగానే కారు అమ్ముకునిందంటారు."

ఆమె భయం ఉత్తది కాదు. తెల్లమచ్చ రోగమొచ్చి వరసగా రెండు పంటలు పోయిన సంగతి ఊరందరికీ తెలుసు. గుంటలు లీజుకిచ్చి అప్పులన్నీ తీర్చిన సంగతి మాత్రం ఎవరికీ అంతగా తెలియదు. నష్టం గురించి మాట్లాడుకున్నంత ఉషారుగా బాకీ తీరడం గురించి ఎవరు మాట్లాడతారు? ఆ ఊళ్లో కారు అమ్మడమంటే ఓడిపోయామని చెప్పుకోవడం. దానం చేస్తే ఆయన పేరు నిలుస్తుంది.

డాలస్‌లో ఉండే తమ్ముడికి ఇందులో సమస్యేమిటో అర్థం కాలేదు. వాళ్ల దగ్గర ఒక ఫోన్ చేస్తే టో ట్రక్కు వచ్చి పాత కారు తీసుకుపోతుందట, పన్ను మినహాయింపుకి కాగితం కూడా ఇస్తారట. నిజమే. కానీ అక్కడ కూడా చారిటీ వాళ్లు ఆ కారులో తిరిగేది తక్కువ. చాలా కార్లు నేరుగా వేలానికి పోతాయి. పాత కారుకి తోచిన విలువ వేసుకుని జనం మినహాయింపు తీసుకుంటుంటే, 2004లో చట్టం మార్చారు. చారిటీ దాన్ని అమ్మేస్తే, ఆ అమ్మిన ధర వరకే మినహాయింపు. మన దగ్గర 80జి కింద ఆ మాత్రం కూడా లేదు. డబ్బు ఇస్తేనే లెక్క, వస్తువు ఇస్తే లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ 80జి కూడా వర్తించదు.

నెల్లూరులో ఒక పిల్లల ఆశ్రమానికి వెళ్లి అడిగాను. మేనేజరుగారు పెద్దాయన, మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫోన్‌లో కారు ఫోటోలు చూశారు. రెండువేళ్లతో పెద్దవి చేసి మరీ చూశారు.

"బండి బాగుండాది సార్. మా కాడ నలభై మంది పిల్లోళ్లుండారు. దీంట్లో ఎంతమంది పడతారు?"

తర్వాత ఆయనే లెక్క చెప్పారు. టైర్లు నాలుగూ మారిస్తే లక్ష దాకా అవుతుంది. ఇన్సూరెన్సు, డ్రైవరు, డీజిలు. రోడ్డు మీద ఆగిపోతే నెల్లూరు మెకానిక్కు చెయ్యి పెట్టడు. అన్నిటికంటే ముఖ్యమైనది చివర్న చెప్పారు. గేటు దగ్గర అలాంటి కారు నిలబడి ఉంటే, నెలకో బియ్యం బస్తా ఇచ్చే మనిషి ఏమనుకుంటాడు?

కాగితాల గొడవ వేరే. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరుకి మార్పించాలి. ఆ తర్వాతే ఫారం 29, 30 పెట్టి ఇంకొకరికి. ఇవన్నీ ఎందుకు, తాళాలు ఇచ్చేస్తే సరిపోతుందిగా అనేవాళ్లు చాలామంది. బండి ఎవరి చేతికి పోయినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాదానికి పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆశ్రమం డ్రైవరు ఎవరినో గుద్దితే నోటీసు మైపాడులో పిన్నమ్మకి వస్తుంది.

కఠోపనిషత్తు మొదలయ్యేదే ఇలాంటి దానంతో. నచికేతుడి తండ్రి యజ్ఞం చేసి ఆవుల్ని దానమిస్తుంటాడు. అవన్నీ వట్టిపోయినవి, పాలివ్వవు, ఇక ఈనవు. పుచ్చుకున్నవాడు వాటికి గడ్డి వెయ్యాలి. అది చూసిన పిల్లవాడికి బాధ కలుగుతుంది, మరి నన్నెవరికి ఇస్తావని తండ్రిని అడుగుతాడు. మనం ఆ తర్వాతి యముడి సంభాషణ కోసం తొందరపడి ఆవుల్ని మర్చిపోతాం. నాకు మాత్రం ఆ ఆవుల్ని తోలుకెళ్లిన బ్రాహ్మణులు ఇంటికెళ్లి భార్యలకి ఏం చెప్పుకున్నారో తెలుసుకోవాలని ఉంటుంది.

మా తీరానికి ఇంకో జ్ఞాపకం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ నెల్లూరు తీరాన్నీ తాకింది. మనకంటే ఎన్నో రెట్లు దెబ్బతిన్న నాగపట్నం వైపుకి దేశమంతా పాత బట్టలు పంపింది. ఎవరూ తొడుక్కోలేని బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేవి. వాటిని ఏరి, ఉతికి, వేరే పనులకి మళ్లించడం గూంజ్ అనే సంస్థకి పెద్ద పనయింది. పంపినవాళ్ల బీరువాలు మాత్రం ఖాళీ అయ్యాయి.

ఖరీదైన కారుని దానంగా పుచ్చుకుని దాన్ని సరిగ్గా వాడుకున్న మనిషి మదర్ థెరెసా. 1964 డిసెంబరులో ఆరవ పాల్ పోప్ బొంబాయి వచ్చినప్పుడు ఆయన తిరగడానికి తెల్ల లింకన్ కాంటినెంటల్ వచ్చింది. వెళ్తూ వెళ్తూ దాన్ని ఆమెకి ఇచ్చేశారు. ఆమె అందులో తిరగలేదు. లాటరీ పెట్టి, టికెట్లు అమ్మి, వచ్చిన డబ్బుని కుష్ఠురోగుల కోసం కట్టిన శాంతినగర్‌కి వాడారు. వేలం వేస్తే కారు ధర వచ్చేది. లాటరీ కాబట్టి పోప్ ఎక్కిన కారనే మోజుకి కూడా ధర వచ్చింది. చిన్నాయన ఎక్కిన కారుకి అలాంటి మోజు మైపాడులో తప్ప ఇంకెక్కడా లేదు. మైపాడులో అమ్మకూడదన్నదే కదా పిన్నమ్మ షరతు.

ఈ కథ చెప్తే ఆమె కాసేపు మాట్లాడలేదు.

"ఆయమ్మ కూడా అమ్మేసిందా?"

"అమ్మేసింది పిన్నమ్మా."

"పోపు ఏమీ అనుకోలా?"

ఏమీ అనుకోలేదన్నాను. ఆ ప్రశ్నతో సగం పని అయిపోయింది. మిగతా సగం, చెన్నైలో అమ్మితే ఊళ్లో ఎవరి కంటా పడదని ఒప్పించడం. ఫారం 31 పని ముగిసేసరికి రెండు నెలలు పట్టింది. ఆర్టీఓ ఆఫీసుకి ఆమె వచ్చిన మూడుసార్లూ ఒకే చీర కట్టుకుంది, ఎందుకో నేను అడగలేదు. అంబత్తూరులో ఒక డీలరు నాలుగు లక్షల పదివేలకి తీసుకున్నాడు. బండి డిక్కీలో ఒక గొడుగు, మేత కంపెనీ వాళ్లిచ్చిన క్యాలెండరు, తడి ఆరిపోయిన ఇసుక దొరికాయి. గొడుగు తెచ్చుకున్నాం.

డబ్బు ఆన్‌లైన్‌లో ఆశ్రమానికి పంపాం. రసీదు మీద చిన్నాయన పేరు వెయ్యమని అడిగితే, పాన్ కార్డు ఉన్న దాత పేరే వెయ్యాలన్నారు. పిన్నమ్మ పేరున వచ్చింది. ఆమె పేరు మీద వచ్చిన మొదటి రసీదు అదేనట, కరెంటు బిల్లు కూడా ఆయన పేరునే వచ్చేది. ఆ డబ్బుతో వాళ్లు బోరు మోటారు మార్చారు, బాత్రూములు బాగు చేయించారు, పదో తరగతి పిల్లల ట్యూషన్ ఫీజు కట్టారు.

మొన్న సంక్రాంతికి వెళ్తే, పక్కింటామె నా ఎదురుగానే అడిగింది.

"పెద్ద కారు ఏమైందక్కా?"

"ఆశ్రమానికి ఇచ్చేసినాం."

"అట్టనా! పిల్లోళ్లు దాంట్లోనే బడికి పోతుండారా?"

"బాగా చదువుకుంటుండారు," అంది పిన్నమ్మ, నా వైపు చూడకుండా.