‘ఏమీ కాలేదు’ అని కూడా చెప్పండి

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక క్లినిక్‌లో నర్సుని. ఏప్రిల్ వస్తే మాకు ఫ్లూ టీకాల రద్దీ మొదలవుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు సూది వేశాక, తల్లిదండ్రులకు ఒక మాట తప్పకుండా చెబుతాను: “మూడో రోజుకల్లా పిల్లలు ఎలా ఉన్నారో అడుగుతూ మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది. జవాబివ్వండి.”

ఈ మెసేజ్‌ల వెనక 2010లో జరిగిన ఒక కథ ఉంది. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో అప్పటికే రెండేళ్లుగా చిన్నపిల్లలకు ఫ్లూ టీకా ఉచితంగా వేస్తున్నారు. ఆ సీజన్‌లో, టీకా వేసిన కొన్ని గంటలకే ఒళ్లు కాలిపోయే జ్వరం, ఫిట్స్‌తో పిల్లలు ఆసుపత్రులకు రావడం ఎక్కువైంది. ఏప్రిల్ 23న దేశమంతటా ఐదేళ్లలోపు పిల్లలకు ఫ్లూ టీకా ఆపేశారు. చివరికి తేలిందేమిటంటే, తేడా ఒక్క కంపెనీ టీకాలోనే ఉంది. వైరస్‌ను విడగొట్టే పద్ధతి వల్ల అందులో కొవ్వు, ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా మిగిలాయి. మిగతా కంపెనీల టీకాలతో ఆ ఇబ్బంది లేదు. జూలై చివర్లో వాటిని మళ్లీ మొదలుపెట్టారు. ఫిట్స్ వచ్చిన పిల్లల్లో చాలామంది త్వరగానే కోలుకున్నారు. తల్లిదండ్రుల నమ్మకం మాత్రం ఏళ్ల తరబడి కోలుకోలేదు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

అప్పట్లో ఎవరో ఒకరు అనుమానించి ఫారం నింపి పంపితేనే విషయం పైకి తెలిసేది. ఫారాలు ఎన్ని వచ్చాయో లెక్క ఉండేది గానీ, ఎంతమందికి టీకా వేస్తే అన్ని వచ్చాయో వెంటనే తెలిసేది కాదు. 2014లో మొదలైన ఆస్‌వాక్స్‌సేఫ్టీ అనే నిఘా వ్యవస్థ ఆ లోటు తీర్చింది. సిడ్నీలోని జాతీయ టీకా పరిశోధన కేంద్రం దీన్ని నడుపుతుంది. ముందుగా చూసింది చిన్నపిల్లల ఫ్లూ టీకానే. ఆ మెసేజ్‌లకు తల్లిదండ్రులిచ్చే జవాబులు పేర్లు లేకుండా అక్కడికి చేరతాయి. ఏ కంపెనీ టీకాకు ఎంతమందిలో జ్వరం వచ్చింది, ఎంతమంది డాక్టరు దగ్గరికి వెళ్లారు అన్నది సీజన్ నడుస్తుండగానే చూస్తారు. మామూలుకన్నా ఎక్కువ కనిపిస్తే ఆరా తీస్తారు.

మన తెలుగువాళ్లు కొందరు అడుగుతుంటారు: “బాబుకి ఏమీ కాలేదు కదక్కా, ఇంక జవాబెందుకు?” ఏమీ కాలేదన్న జవాబు కూడా మాకు కావాలి. జ్వరం వచ్చినవాళ్లే చెప్పి, రానివాళ్లు ఊరుకుంటే టీకా ఉన్నదానికన్నా చెడ్డదిగా కనిపిస్తుంది. అందరూ ఊరుకుంటే నిజంగా చెడ్డదైనా కనిపించదు. “జ్వరం ఒక్కరోజులో తగ్గిపోయిందిగా, టీకా అన్నాక మామూలేగా” అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. మామూలా కాదా తేలేది అందరి జవాబులూ ఒకచోట పెట్టి చూసినప్పుడే.

భారతదేశంలో ఫ్లూ టీకా ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. పిల్లల డాక్టర్ల సంఘం ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఏటా వేయించమంటుంది. అక్కడ వేయించినా ఇక్కడ వేయించినా, టీకా పేరు, బ్యాచ్ నంబరు కార్డులో రాయించుకోండి. ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఇబ్బంది అయినా ఏ మెసేజ్ కోసమూ ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ కార్డు కూడా పట్టుకెళ్లండి.