పేరు తోలు, సరుకు రెక్సిన్

ఈమధ్య మా బంధువుల్లో ఎవరింట్లో కొత్త కారు దిగినా ఒకటే మాట వినబడుతోంది. "పోయినేడు బండికి ఉన్న సరుకు ఈ ఏడు బండికి లేదు." మోడల్ పేరు అదే, ధర ఇంకా కాస్త ఎక్కువే. డాష్‌బోర్డు మీద వేలుపెట్టి నొక్కితే మెత్తగా దిగే చోట ఇప్పుడు గట్టి ప్లాస్టిక్కు. తలుపు లోపలివైపు గుడ్డ అతికించి ఉండే చోట కూడా అదే. సీట్లు తోలువి అనుకుంటే తోలులాంటివి. ఇంజన్ గురించి, మైలేజీ గురించి ఇంత కోపంగా మాట్లాడినవాళ్లను నేను చూడలేదు.

ఇది చిన్న విషయమే అనుకునేవాళ్లు ఉంటారు. మా ఇంట్లో మాత్రం చిన్నది కాదు. మా నాయన కోయంబత్తూరులో నలభై ఏళ్లకు పైగా కుషన్ పని చేశారు. బండి సీట్లు కుట్టే పనిని ఈడ అందరూ కుషన్ పని అనే అంటారు. అందుకని ఈ సంగతి మన పిల్లలకోసం రాసి పెడుతున్నాను.

మా వాళ్లు నాయకరాజుల కాలంలో ఈ కొంగునాడుకు వచ్చారని పెద్దలు చెప్పుకుంటారు. నల్లరేగడి నేల, పత్తి, ఆ తరువాత మిల్లులు, ఆ తరువాత బస్సులు. జి.డి. నాయుడు గారు 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడపడంతో మొదలుపెట్టి ఎంత పెద్ద సర్వీసు కట్టారో ఈ ఊళ్లో తెలుగు ఇళ్లల్లో తెలియనివాళ్లు లేరు. బస్సులు పెరిగితే వాటికి బాడీ కట్టేవాళ్లు కావాలి, సీట్లు కుట్టేవాళ్లు కావాలి. మా నాయన పదిహేడో ఏట అలాంటి ఒక షెడ్డులో చేరారు.

ఇంట్లో పెద్ద గొడవ అయింది. మా తాత వ్యవసాయం చేసే మనిషి. "మనం తోలు ముట్టే పని చేస్తామా?" అని మూడు రోజులు నాయనతో మాట్లాడలేదంట. అప్పుడు నాయన చెప్పిన జవాబు ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం. "అది తోలు కాదు నాయనా, రెక్సిన్."

నిజమే. బస్సు సీట్లకు తోలు ఎవరు వేస్తారు? రెక్సిన్ అనేది మొదట ఇంగ్లండులో ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు. గుడ్డమీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, దానిమీద తోలు గీతల్లాంటివి అచ్చు వేసేవాళ్లు. ఆ పూత పోయి పీవీసీ వచ్చినా మన దేశంలో పేరు మాత్రం రెక్సిన్‌గానే నిలిచిపోయింది. అంబాసిడర్‌లోనూ ఫియట్‌లోనూ మనం కూర్చున్నది ఎక్కువగా దానిమీదే. ఎండాకాలం నిక్కరు వేసుకుని ఎక్కితే తొడలు కాలేవి. అందుకే సీటు మీద తువాలు పరిచేవాళ్లు.

నాయన అసలు తోలు పని కూడా నేర్చుకున్నారు, తాతకు చెప్పకుండా. నేర్పిన మేస్త్రి అరుంధతీయర్ కులస్థుడు. కొంగునాడులో ఆ కుటుంబాలు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. షెడ్డులో అందరూ తమిళం మాట్లాడుతుంటే ఆయనా మా నాయనా తెలుగులో మాట్లాడుకునేవాళ్లంట. అయినా ఆయన మా ఇంటి వాకిలి దాటి లోపలికి ఎన్నడూ రాలేదు. రానివ్వలేదు అనడమే న్యాయం. నాయన ఇప్పటికీ ఆ మాట వస్తే తల దించుకుంటారు. "నా చేతికి అన్నం పెట్టింది ఆయనే, మన ఇంట్లో ఒక ముద్ద కూడా ఆయనకు పెట్టలేదు" అంటారు.

ఆ మేస్త్రి నేర్పిన మొదటి పాఠం సరుకును గుర్తుపట్టడం. బొటనవేలితో నొక్కితే తోలు వేలు చుట్టూ సన్నని ముడతలు పడుతుంది, మన చర్మంలాగే. రెక్సిన్ గుంట పడి ఊరుకుంటుంది. వాసన నమ్మకు, వాసన పూయవచ్చు. పైభాగం నమ్మకు, గీతలు అచ్చు వేయవచ్చు. తిరగేసి వెనకవైపు చూడు. గుడ్డ కనబడితే రెక్సిన్, పీచుపీచుగా ఉంటే తోలు. తంగేడు చెక్కతో ఊనిన తోలును ఆయన చేత్తో తడిమి చెప్పేవారంట. దిండుక్కల్, తిరుచ్చి వైపు తోళ్లు ఆ చెక్కతోనే ఊనేవాళ్లు. మనం తంగేడు అనేదాన్ని ఇక్కడివాళ్లు ఆవారం అంటారు. పొంగలికి వాకిళ్లలో కాప్పు కట్టే పసుపుపువ్వు అదే.

ఇక ఈ ఏడు జరిగింది చెబుతాను. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక కంపెనీ బండి పై వేరియంట్ బుక్ చేశారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. షోరూంలో చూపించిన బండికి మెత్తటి డాష్‌బోర్డు, తోలు సీట్లు. మూడు నెలలు ఆగాక వచ్చిన బండికి గట్టి డాష్‌బోర్డు, తోలులాంటి సీట్లు. బ్రోషర్ చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో "ముందస్తు తెలియజేయకుండా మార్పులు చేయబడవచ్చు" అని ఉంది.

బండి ఇంటికి తెచ్చుకోకముందే బావ మా నాయనను తీసుకుపోయారు. నాయనకు ఇప్పుడు డెబ్బై నాలుగు. ఆయన వెనక సీటు కింద చెయ్యి పెట్టి, గుడ్డ అంచు ఒకటి కాస్త తిప్పి చూసి, "అల్లుడూ, ఇది తోలు కాదు" అన్నారు. సేల్స్ పిల్లవాడు నవ్వుతూ, "ఇది ప్రీమియం మెటీరియల్ సార్, తోలుకన్నా మంచిది, ఇప్పుడు ప్రపంచమంతా ఇదే" అన్నాడు. నాయన తమిళంలో నెమ్మదిగా అడిగారు: "మంచిదే తంబీ. మరి మాకు చూపించేటప్పుడు ఎందుకు తోలు అన్నావు?"

ఇంటికొచ్చాక ఒక్కొక్కరిది ఒక్కో మాట. అక్కకు సీట్ల గురించి పట్టింపే లేదు. "ఇద్దరు పిల్లలు పాలు ఒలకబోస్తారు, తడిబట్టతో తుడిస్తే చాలు, నాకిదే మేలు" అంది. బావ అన్నగారు, "పోనీ వదిలేయరా, ఎంత పోయింది?" అన్నారు. మా అబ్బాయి, కాలేజీలో చదువుతున్నాడు, "జంతువుల తోలు వాడకపోవడమే మంచిది కదా" అన్నాడు. బావ కోపం మాత్రం దిగలేదు. "నాకు తోలు మీద మోజు లేదు. నేను డబ్బు కట్టింది ఒకదానికి, వచ్చింది ఇంకొకటి" అని ఆయన వాదన.

నాకు అందరి మాటలూ నిజమే అనిపించాయి. ఎందుకంటే ఏ సరుకు గొప్పది, ఏది తక్కువది అనేది కాలాన్నిబట్టి మారిపోయింది. పాతకాలపు పెద్ద కార్లలో తోలు సీటు డ్రైవరుకు వేసేవాళ్లు. ముందుభాగానికి పైకప్పు సరిగ్గా ఉండేది కాదు, ఎండకూ వానకూ తట్టుకునేది తోలే. వెనక కూర్చునే దొరలకు మేలైన ఉన్నిగుడ్డ. జపానులో టొయోటా సెంచురీ అనే పెద్దమనుషుల బండికి ఈనాటికీ ఉన్నిగుడ్డ సీట్లు ఇస్తారు. మన దేశంలో మాత్రం గుడ్డ సీటు అంటే చవక అనే అభిప్రాయం పాతుకుపోయింది. మన ఎండకు గుడ్డే సుఖం. అయినా బండి కొన్న వారంలోపే దానిమీద రెక్సిన్ కవరు తొడిగిస్తాం. నాయన బతుకుతెరువు నడిచింది ఆ మోజు మీదనే కాబట్టి దాన్ని నేను మరీ తప్పుపట్టలేను.

అసలు తోలు అని అమ్మే సీట్లలో కూడా చాలావాటికి మనం ఆనుకుని కూర్చునే భాగం మాత్రమే తోలు. పక్కలూ వెనకభాగమూ రెక్సినే. ఆ తోలుమీద కూడా రంగూ ప్లాస్టిక్ పూతా ఉంటాయి కాబట్టి మన చేతికి తగిలేది పూతే. ఇక డాష్‌బోర్డు సంగతి. మెత్తటిదానికి లోపల గట్టి చట్రం, దానిమీద స్పాంజ్, ఆ పైన పలచటి పొర, మూడు పనులు. గట్టిదానికి ఒకే అచ్చు, ఒకే పోత. ఒక్కో బండికి మిగిలేది కొద్దిగానే అయినా లక్షల బళ్లకు లెక్క వేసుకుంటే కంపెనీకి పెద్ద మొత్తం. ఎండలో నిలిపిన బండిలో ఆ మెత్తటి పొర కొన్నేళ్లకు పగలడమో జిగురు పట్టడమో నాయన చాలా చూశారు. "గట్టి ప్లాస్టిక్కు నేరమేమీ కాదు" అంటారు ఆయన.

అయితే ఆయనకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆయన షాపులో గోడకు ఒక పలక వేలాడేది. దానిమీద సరుకు రకాలు, గజం ధరలు సుద్దతో రాసి ఉండేవి. మొదటి రకం రెక్సిన్, రెండో రకం రెక్సిన్, గుడ్డ, తోలు. మామూలు స్పాంజ్ ఎంత, రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు ఎంత, అదీ రాసేవారు. డబ్బు తక్కువున్నవాళ్లు రెండో రకం అడిగితే రెండో రకమే వేసి, బిల్లులో రెండో రకం అనే రాసేవారు. పక్క షాపువాళ్లు ఆయన్ను పిచ్చోడన్నారు. రెండో రకానికి మొదటి రకం పేరు పెట్టి అమ్మి వాళ్లు మేడలు కట్టారు. మేము అద్దె ఇంట్లోనే చాలాకాలం ఉన్నాం. అమ్మ ఆ సంగతి ఎత్తిచూపని పండగ లేదు.

వారం తరువాత డీలరు రాజీకి వచ్చి, "ఉచితంగా సీట్లకు కవర్లు వేసిస్తాం" అన్నారు. అంటే రెక్సిన్ మీద ఇంకో రెక్సిన్. బావ మెత్తబడ్డారు కూడా. నాయన ఒప్పుకోలేదు. సీటు బయటి పక్కన కుట్టిన చిన్న చీటీ చూపించారు. దానిమీద ఎయిర్‌బ్యాగ్ అని ఉంది. గుద్దుకున్నప్పుడు ఆ సంచి సీటు పక్క కుట్టును చీల్చుకుని రెప్పపాటులో బయటికి రావాలి. దానికోసం అక్కడి కుట్టు చిట్లేలాగే కుడతారు. పైన గట్టి కవరు తొడిగితే సంచి దారి మూసినట్టే. "నలభై ఏళ్లు గట్టిగా కుట్టడమే నేర్చుకున్నాను. ఈ ఒక్కచోట కుట్టు తెగాలి" అన్నారు నాయన. ఆఖరి ఏళ్లలో అలాంటి చీటీ ఉన్న బళ్లకు కవర్లు వేయనని ఆయన పంపేసినవాళ్లు చాలామందే. షాపు మూతబడడానికి అదీ ఒక కారణం.

చివరికి బావ రెండు అడిగారు. తేడాకు సరిపడా కొంత మొత్తం తగ్గించాలి. డెలివరీ కాగితంలో సీట్ల సరుకు పేరు ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాలి. డబ్బు అడిగినదాంట్లో సగమే తగ్గించారు. కాగితం మీద రాయడానికి మేనేజరు చాలాసేపు నసిగాడు. మామ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే రాయక తప్పలేదు. ఆ కాగితం చూసి నాయన, "ఇప్పుడు బండి ఎక్కుతాను పదండి" అన్నారు. అక్క నవ్వింది.

కొత్త బండి కొనబోయే మన కుటుంబాలకు నాయన మాటగా కొన్ని చెబుతున్నాను. బుక్ చేసేటప్పుడు చూపిన బండి లోపలి ఫోటోలు తీసి ఉంచుకోండి. వేరియంట్ పేరుతో బాటు సీటు, డాష్‌బోర్డు సరుకు ఏమిటో ఆర్డరు కాగితంలో రాయించండి. రిజిస్ట్రేషన్ కాకముందే పగటి వెలుగులో బండి చూడండి, ఆ తరువాత వాదన బలం తగ్గిపోతుంది. చూపింది ఒకటి ఇచ్చింది ఒకటి అయితే 1915కు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎయిర్‌బ్యాగ్ చీటీ ఉన్న సీటుకు దానికోసం చేసిన కవరు తప్ప ఇంకేదీ వేయించకండి.

ఆ మేస్త్రి మనవడు ఇప్పుడు తిరుప్పూర్ దగ్గర సొంతంగా కుషన్ షాపు నడుపుతున్నాడు. పోయిన పొంగలికి మా ఇంటికి వచ్చి, మాతో కూర్చుని భోంచేసి వెళ్లాడు. నాయన తన దబ్బనాలూ పెద్ద కత్తెరా అతనికి ఇచ్చేశారు. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పనులు చేసిన పెద్దవాళ్లు ఉంటే, సరుకు ఎలా గుర్తుపట్టేవాళ్లో అడిగి రాసి పంపండి, ఇక్కడ వేస్తాం.