తేజాబు పద్దు

పారసీకంలో 'తేజ్' అంటే పదునైనది, 'ఆబ్' అంటే నీరు. ఈ రెండూ కలిసి హిందీలో 'తేజాబ్' అయినది. మన పెద్దలు అదే వస్తువును ద్రావకం అన్నారు. కరగించునది అని దాని అర్థం. ఒక భాష దాని పదునును చూచినది, మరొక భాష దాని పనిని చూచినది. బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు ఈ రెండు మాటలూ వెనుకబడి, పిల్లలూ పెద్దలూ కూడా 'యాసిడ్' అనియే అంటున్నారు. పేరు ఏదైనా వస్తువు ఒక్కటే. మరుగుదొడ్డి గచ్చుమీద పేరుకొన్న తెల్లని పొరను అది క్షణంలో కరగిస్తుంది. మనిషి చర్మాన్ని కరగించడానికి కూడా దానికి అంతకంటె ఎక్కువ కాలం పట్టదు.

అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని పెద్దది చేసినది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే ఇది కూడలి అయినది. ఆ కంపెనీ మార్గం ఒకటి ఖరగ్‌పూర్ మీదుగా వాల్తేరు దాకా సాగినందువలన శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఆ కొలువులలో చేరి, బదిలీల వెంట ఇక్కడికి వచ్చారు. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఈ ఊరిని కేంద్రంగా చేసికొని ప్రారంభమైనది. స్టేషనుకు దగ్గరగా ఉన్న బుధవారీ బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, తెలుగు ఒకదానినొకటి ఒరసికొంటూ తిరుగుతుంటాయి. కూరల బేరం ఏ భాషలో మొదలైనా ఏ భాషలో ముగిసేదీ చెప్పలేము.

ఆ బజారు ప్రక్కన ఒక పాత దుకాణం ఉన్నది. చీపుళ్లు, కొబ్బరిత్రాడు, సున్నం, ఫినాయిల్, ఎలుకలమందు, నాఫ్తలీన్ గోళీలు అక్కడ దొరికే సరుకులు. గల్లా వెనుక నేలమీద, గోడవారగా, పాత సీసాలలో పోసి మూత బిగించిన తేజాబు ఉంటుంది. ఆ సీసాలలో ఒకప్పుడు శీతల పానీయమో మద్యమో ఉండేది. కొన్నింటిమీద ఆ చీటీలు ఇంకా సగం చిరిగి అంటుకొనియే ఉంటాయి.

ఈ దుకాణానికి నలభై సంవత్సరాలుగా వస్తున్న వారిలో ఒక తెలుగు వృద్ధురాలు ఉన్నది. ఆమె భర్త రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేరి, టి.టి.ఇ.గా పదవీ విరమణ చేసి, కొంతకాలానికి పోయినాడు. రైల్వే కాలనీకి ఆనుకొని ఉన్న పేటలో వారు కట్టుకొన్న చిన్న ఇంటిలో ఆమె ఒక్కతే ఉంటున్నది. దుకాణదారు ఆమెను 'దీదీ' అంటాడు, ఆమె అతనిని 'భయ్యా' అంటుంది. అతని పెద్దకొడుకు పెండ్లికి ఆమె చేసి పంపిన అరిసెల రుచిని అతడు ఇప్పటికీ తలచుకొంటాడు.

ఒక వానకాలం చివర ఆమె వెళ్లి, ఎప్పటివలెనే చీపురు ఒకటి, తేజాబు సీసా ఒకటి ఇమ్మన్నది. అతడు చీపురు తీసి గల్లాపై పెట్టినాడు. తరువాత త్రాసు క్రింద నుండి అట్ట ఊడిన ఒక పుస్తకం బయటికి లాగి, దుమ్ము దులిపి, తలవంచుకొనియే అన్నాడు:

"దీదీ, ఆధార్ కార్డు తెచ్చారా?"

ఆమెకు ముందు అర్థం కాలేదు.

"నన్నేనా అడుగుతున్నది?"

"అందరినీ అడుగుతున్నాను దీదీ. పేరు, చిరునామా, ఎంత, ఎందుకు, అన్నీ వ్రాసుకోవాలి."

"నలభై ఏండ్లనుండి చూస్తున్న మనిషివి. నేను ఎవరినో నీకు కార్డు చెప్పాలా భయ్యా?"

అతడు సమాధానం చెప్పలేదు, సీసా కూడా ఇవ్వలేదు. ఆమె చీపురు సయితం అక్కడనే వదలి ఇంటికి వచ్చినది.

అతడు అడిగినది క్రొత్త నియమం కాదు. 2005లో ఢిల్లీ నగరంలో లక్ష్మీ అగర్వాల్ అనే పదిహేనేండ్ల బాలికపై నడివీధిలో తేజాబు పోశారు. పెండ్లికి ఒప్పుకొనకపోవడమే ఆమె చేసిన నేరం. 2006లో ఆమె పేరున సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైనది. ఏడు సంవత్సరాలకు, 2013 జులై 18న, న్యాయస్థానం దుకాణాలలో తేజాబు అమ్మకానికి హద్దులు ఏర్పరచినది. అమ్మేవాడు రిజిస్టరు ఉంచాలి. కొన్నవారి వివరాలు, చిరునామా, ఇచ్చిన పరిమాణం అందులో ఎక్కించాలి. కొనేవారు చిరునామాతో కూడిన ప్రభుత్వ గుర్తింపు పత్రం చూపాలి, ఎందుకోసమో చెప్పాలి. పదునెనిమిదేండ్లు నిండని వారికి అమ్మరాదు. తన వద్ద ఉన్న నిల్వ ఎంతో పదునైదు రోజులలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు తెలపాలి. తెలపనివారికి 50,000 రూపాయల వరకు జరిమానా. అదే సంవత్సరం శిక్షాస్మృతిలో చేరిన క్రొత్త సెక్షను ఈ నేరానికి పది సంవత్సరాలకు తక్కువ కాకుండా, యావజ్జీవం వరకు శిక్ష విధించినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 124వ సెక్షను.

ఆ తీర్పు వచ్చిన క్రొత్తలో దుకాణదారు పుస్తకం కొన్నాడు. గీతలు గీచి కొన్ని నెలలు వ్రాసినాడు. అడిగినప్పుడల్లా మనుషులు ముఖం చిట్లించుకొన్నారు. నాలుగడుగుల దూరంలో అడగని దుకాణం ఉండగా అడిగే దుకాణానికి ఎవరు వస్తారు? పుస్తకం త్రాసు క్రిందికి పోయి, త్రాసు ఎత్తు సరిచేసే పనికి మాత్రమే వచ్చినది. అంతటితో ఆ కథ ముగిసేదే. కాని ఆ సంవత్సరం అతని మనుమరాలు కళాశాలకు పోవడం మొదలుపెట్టినది. ఒకనాటి సాయంకాలం దుకాణంలో కూర్చొని ఆ పిల్ల గోడవారగా ఉన్న సీసాలను చూచి, "దాదాజీ, ఈ వారంలో ఇవి ఎవరెవరు కొన్నారో మీకు గుర్తున్నదా?" అని అడిగినది. అతడు వ్రేళ్లు మడిచి లెక్కించినాడు. ఐదుగురి పేర్లు చెప్పగలిగినాడు. మిగిలిన వారి ముఖాలు కూడా జ్ఞాపకం రాలేదు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. మరునాడు ఉదయం పుస్తకం త్రాసు క్రింద నుండి వెలుపలికి వచ్చినది.

వరంగల్లు పేరు వినగానే తెలుగువారికి 2008 డిసెంబరు జ్ఞాపకం వస్తుంది. స్కూటరుపై ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై తేజాబు పోశారు. వారిలో ఒకరు ఆ నెల ముగియకముందే కన్నుమూసినది. పట్టుబడిన ముగ్గురు యువకులు కొద్ది రోజులలోనే పోలీసుల కాల్పులలో మరణించారు. న్యాయం జరిగిపోయినదని అనేకులు పొంగిపోయారు. తుపాకి పని ఎప్పుడూ తరువాతిది. కాలిన ముఖాన్ని అది తిరిగి ఇవ్వలేదు. సీసా చేయి మారే ఆ ఒక్క క్షణంలో, ఎదుటివాని కన్నులలోనికి చూచి "ఎందుకు?" అని అడగడం ముందటి పని. ఆ పని చేయగలవాడు న్యాయమూర్తి కాడు, పోలీసు కాడు. గల్లా వెనుక కూర్చొన్న చిల్లర వర్తకుడు.

ఈ ఆలోచన మన కాలంలో పుట్టినది కాదు. పాషాణం, అనగా హిందీవారి సంఖియా, పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఎలుకలను చంపడానికి ప్రతి ఇంటికీ వచ్చేది. తెల్లని పొడి గనుక పిండిలో పిండివలె, చక్కెరలో చక్కెరవలె కలిసిపోయేది. 1851లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసినది. అమ్మేవానికి కొనేవారు తెలిసి ఉండాలి, లేదా ఇద్దరికీ తెలిసిన సాక్షి ఒకరుండాలి. పుస్తకంలో సంతకం చేయాలి. చిల్లరగా అమ్మే పాషాణంలో మసిగాని నీలిమందుగాని కలిపి రంగు మార్చాలి. ముసాయిదాలో దానిని వయసు వచ్చిన పురుషులకు మాత్రమే అమ్మాలనే నిబంధన కూడా ఉండేది. ఇది స్త్రీజాతినంతటినీ హంతకుల జాబితాలో చేర్చడమే అని జాన్ స్టూవర్ట్ మిల్ నిరసించినాడు. ఆ నిబంధన తొలగిపోయినది.

అదే మిల్ 1859లో ప్రకటించిన స్వేచ్ఛను గురించిన గ్రంథంలో ఈ ప్రశ్నను మరల చేపట్టినాడు. విషానికి సద్వినియోగం కూడా ఉన్నది గనుక నిషేధం కూడదు. ప్రతి కొనుగోలుకూ వైద్యుని పత్రం కావాలంటే పేదవానికి అది అందదు. అందుచేత కొన్నవారి పేరు, చిరునామా, పరిమాణం, కాలం, ప్రయోజనం వ్రాసిపెట్టడమే తగిన మార్గమని అతని అభిప్రాయం. బెంథాం మాటను గ్రహించి దీనిని అతడు ముందుగా సమకూర్చిన సాక్ష్యం అన్నాడు. నిజాయితీగా కొనేవానికి దీనివలన ఆటంకం లేదు. దురుద్దేశంతో కొనేవానికి తన జాడ మిగిలిపోతుందనే భయం ఉన్నది.

పుస్తకం ఒక్కటే చాలదని కూడా ఆ దేశమే నేర్చుకొన్నది. 1858లో బ్రాడ్‌ఫోర్డ్ పట్టణంలో మిఠాయిలో కల్తీకై కలిపే చవక పొడి అనుకొని, మందుల దుకాణంలోని సహాయకుడు పాషాణం తూచి ఇచ్చినాడు. ఆ మిఠాయి తిని సుమారు ఇరవైమంది చనిపోయారు. తాను అమ్మేది విషమని అమ్మేవానికే తెలియనప్పుడు ఏ పుస్తకంలో ఏమి వ్రాయగలడు? పానీయం సీసాలో పోసిన తేజాబు ప్రమాదం ఇదే. దానికి దురుద్దేశం అక్కరలేదు, దప్పిగొన్న పసిపిల్ల చాలు.

బంగ్లాదేశ్ 2002లో తేజాబు దిగుమతికి, రవాణాకు, నిల్వకు, అమ్మకానికి లైసెన్సులు విధిస్తూ ఒక చట్టమూ, నేరాల త్వరిత విచారణకు మరొక చట్టమూ చేసినది. తరువాతి సంవత్సరాలలో అక్కడ దాడులు చాలా తగ్గాయి. మన దేశంలో తీర్పు ఉన్నది, నియమాలు ఉన్నాయి. దుకాణంలో పుస్తకం మాత్రం ఒకచోట ఉన్నది, పదిచోట్ల లేదు. 2022 డిసెంబరులో ఢిల్లీ ద్వారకలో ఒక విద్యార్థినిపై జరిగిన దాడికి తేజాబు ఇంటర్నెట్ ద్వారా కొన్నట్లు పోలీసులు చెప్పారు. కన్నులలోనికి చూడవలసిన వర్తకుడు అక్కడ లేనే లేడు.

పుస్తకానికి ఎదురు చెప్పేవారి మాటలోనూ సత్యం ఉన్నది. తేజాబును ఎక్కువగా వాడేది పెద్ద ఇండ్లవారు కాదు, పెద్ద ఇండ్ల మరుగుదొడ్లు కడిగేవారు. కార్డు తాకట్టులో ఉన్న మనిషి, వానలో తడిసి పేరు చెరిగిన మనిషి ఏమి చూపాలి? స్త్రీలను కాపాడడానికి పెట్టిన పుస్తకంలో స్త్రీల చిరునామాలే బారులు తీరి ఉంటాయి. గల్లాపై తెరచి ఉంచితే దారినపోయే ఎవడైనా చదువుకొనవచ్చును. ఈ ఆక్షేపణలకు జవాబు పుస్తకాన్ని పారవేయడం కాదు. దానిని మూసి, తాళం వేసి, అధికారి అడిగినప్పుడు మాత్రమే తెరవడం.

ఇంటికి వచ్చిన వృద్ధురాలికి ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. గోడమీద భర్త పటం ఉన్నది, నల్లకోటు తొడుగుకొని తీయించుకొన్నది. ఆయన ఉద్యోగమంతా అడగడమే. ఒకసారి కటక్ పోయే బండిలో తన బావమరిదినే టికెట్టు అడిగినాడని పుట్టింటివారు ఏడాదిపాటు మాటలాడలేదు. ఆనాడు ఆమె కూడా కోపగించుకొన్నది. అప్పుడు ఆయన నెమ్మదిగా చెప్పిన మాట ఇన్నాళ్లకు ఆమె చెవిలో మరల పలికినది: "తెలిసినవారిని వదలి తెలియనివారినే అడిగితే, ఆ తెలియనివారిని దొంగలన్నట్లే గదా! అందరినీ అడిగితే అది నియమం. కొందరినే అడిగితే అవమానం."

తన మనస్సులో నొచ్చుకొన్నది ఏమిటో ఆమె అప్పుడు గ్రహించినది. కార్డు చూపడం కష్టమై కాదు. రైల్వే ఇంటి మనిషికి పాసు చూపడం పుట్టినప్పటినుండి అలవాటే. కార్డు అడిగించుకొనేవారు వేరే ఉంటారనీ, తాను వారిలో చేరదనీ ఇంతకాలం అనుకొన్నది. నొచ్చినది ఆ అనుకోవడం.

మరునాడు ఆమె కార్డు చీరకొంగున ముడివేసికొని దుకాణానికి వెళ్లినది. అప్పటికే అక్కడ ఒక స్త్రీ నిలబడి ఉన్నది. కాలనీలో నాలుగైదు ఇండ్లలో మరుగుదొడ్లు కడిగే మనిషి. కార్డు ఇంటివద్ద ఉన్నదని ఆమె అంటున్నది. దుకాణదారు ఇబ్బందిగా తల గోకికొంటున్నాడు. ఆ స్త్రీ వృద్ధురాలిని చూచి, "అమ్మగారిని అడుగుతావా నన్ను అడిగినట్లు?" అన్నది.

వృద్ధురాలు కొంగుముడి విప్పి కార్డు గల్లాపై పెట్టినది.

"వ్రాసుకో భయ్యా. చిరునామా సరిగా వ్రాయి, నిన్న కోపంలో పోయినాను."

అతడు వ్రాసినాడు. ఆ స్త్రీ ఆ పుస్తకం వైపూ ఆ కార్డు వైపూ కాసేపు చూచి, ఏమీ అనకుండా వెళ్లి, అరగంటలో తన కార్డుతో తిరిగి వచ్చినది. ఆ పుటలో ఇద్దరి పేర్లూ ఒకదాని క్రింద ఒకటి ఉన్నాయి. పేర్లు వేరు, పేటలు వేరు. 'ఎందుకు' అనే గడిలో ఇద్దరికీ ఒకే మాట ఉన్నది: మరుగుదొడ్డి కడగడానికి.

దుకాణదారు సిరా ఆరేవరకు ఉండి, పుస్తకం మూసి, త్రాసు క్రింద కాక గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసినాడు. తరువాత నిన్నటి చీపురును వృద్ధురాలి చేతికి ఇచ్చినాడు.