ఫలితమే ప్రమాణమా?

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను పనిచేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు విరుగుడు మందు పది సీసాలకు మించి ఉండేది కాదు. ఒక వర్షాకాలపు సాయంత్రం పాము కరిచిందని ఒక యువకుణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. కాలి మీద గాట్లున్నాయి. వాపు లేదు, చిగుళ్ల నుంచి రక్తం కారడం లేదు, కనురెప్పలు వాలలేదు. పొడి గాజు గొట్టంలో కదపకుండా ఉంచిన రక్తం 20 నిమిషాలకు గడ్డకట్టింది. విషసర్పం కరిచిన ప్రతిసారీ విషం ఎక్కదు. పైగా ఆ మందు గుర్రపు రక్తరసం నుంచి తయారవుతుంది. కొందరిలో అది ప్రాణాంతకమైన ప్రతిచర్యను కలిగిస్తుంది. లక్షణాలు కనిపించే వరకు కనిపెట్టి చూడడమే సరైన వైద్యం.

"మందు దగ్గర పెట్టుకొని చూస్తూ కూర్చుంటారేమిటి డాక్టరుగారూ?" అని అతని తండ్రి నా కాళ్లు పట్టుకున్నాడు. నేను లొంగిపోయి ఆరు సీసాలు ఎక్కించాను. తెల్లవారాక యువకుడు నడిచి ఇంటికి వెళ్లాడు. ఊరంతా నన్ను దేవుడన్నారు.

మూడవ రాత్రి రక్తపింజరి కాటుతో ఒక కూలి తల్లి వచ్చింది. ఆమె రక్తం గడ్డకట్టలేదు. ఉన్న నాలుగు సీసాలూ ఇచ్చి, లారీలో జిల్లా ఆసుపత్రికి పంపాను. దారిలోనే మరణించింది. ఎవరూ నన్ను నిందించలేదు.

ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దానివల్ల కలిగే సుఖదుఃఖాలను బట్టే నిర్ణయించాలని ఆంగ్ల తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. దానిని చాలా ఏళ్ల తరువాత చదివాను. ఆ లెక్కన నేను చేసినది మొదటి ఉదయం ఒప్పు, నాలుగవ ఉదయం తప్పు కావాలి. చేసిన పని ఒక్కటే కదా! దీనికి ఆ సిద్ధాంతాన్ని సమర్థించేవారిలో కొందరు చెప్పే సమాధానం నాకు సమంజసంగా తోచింది: జరిగిన ఫలితాన్ని కాదు, ఆ క్షణాన తెలిసిన విషయాలను బట్టి ఊహించదగిన ఫలితాన్ని చూడాలి. నాట్లు వేసే కాలం. మరొక కాటు రాకమానదని నాకు తెలుసు. బీరువాలో ఎన్ని సీసాలున్నాయో తెలుసు. కనుక ఊరు పొగిడిన ఆ ఉదయమే నేను తప్పు చేసినవాణ్ణి. ఆమె రాకపోయినా అది తప్పే.

పది సీసాలూ ఉన్నా ఆమె బ్రతికేదో లేదో చెప్పలేను. రక్తపింజరి విషానికి అంతకంటే ఎక్కువ అవసరమయ్యే సందర్భాలు చూశాను. ఈ మాట నాకు ఊరట కలిగించాలి గాని, కలిగించదు.

ఇక ఆ యువకుణ్ణి కరిచినది కట్లపామై ఉంటే? దాని కాటుకు వాపు ఉండకపోవచ్చు, గంటల తరువాత శ్వాస ఆగవచ్చు. అందుకే తరువాతి కాలంలో అటువంటి రోగి పక్కనే స్టూలు వేసుకొని కూర్చొని, కనురెప్పలు వాలుతున్నాయేమోనని గంట గంటకూ చూసేవాణ్ణి; ఎందుకు ఆగుతున్నానో బంధువులకు విడమరచి చెప్పేవాణ్ణి. తిట్లు తిన్న రాత్రులూ ఉన్నాయి.

ఆ యువకుడు నాకు బదిలీ అయ్యేదాకా ప్రతి సంక్రాంతికీ ఒక గుమ్మడికాయ తెచ్చి ఇచ్చేవాడు. పుచ్చుకొని, అతను వెళ్లాక ఆయమ్మకు ఇచ్చేసేవాణ్ణి.